కుందేటి ఆహారము - గృహస్థధర్మము



జ్ఞాతాధర్మకథాసూత్రములోని మేఘకుమారుని పూర్వజన్మ వృత్తాంతము మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. అడవి తగులబడినప్పుడు ప్రాణులన్నియు చెట్టుచేమ లేని యొక బయలునకు చేరినవి. ఆ యిరుకులో మేరుప్రభమను ఏనుగు ఒడలు గోకికొనుటకై కాలెత్తెను. ఎత్తిన చోటికి ఒక కుందేలు వచ్చి చేరెను. కాలు దించినచో అది నలిగిపోవునని ఏనుగు రెండున్నర దినములు అట్లే నిలిచెను. కుందేలు వెడలిన పిమ్మట, మొద్దుబారిన కాలు నేల నానక కూలి, ప్రాణములు విడిచి, శ్రేణిక మహారాజునకు కుమారుడై పుట్టెను.

మన ఆరణిలో నేనీ కథ చెప్పుచుండగా ఒక పిల్లవాడు లేచి, "ఆ రెండున్నర రోజులు కుందేలు ఏమి తిన్నది?" అని అడిగినాడు. పెద్దలందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. వాని యింట కుందేలున్నది. ఒక్కనాడు మేత మానినను కుందేటి ప్రేగుల కదలిక మందగించి ప్రాణము మీదికి వచ్చునని వానికి తెలియును. నవ్విన మనకు తెలియదు.

తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో అహింసావ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో కడపటిది అన్నపాననిరోధము. మేత పెట్టకుండుట మాత్రమే నిరోధమని మనము తలతుము. అరగని దానిని ముద్దుగా పెట్టుటయు నిరోధమే యని నా యభిప్రాయము. బిస్కత్తులు, రొట్టెముక్కలు, మిఠాయిలు తినిన కుందేలు గడ్డి ముట్టదు. దాని పండ్లు వారమునకు సుమారు 2, 3 మిల్లీమీటర్లు పెరుగుచుండును. గడ్డి నమలినగాని అరగవు. అది వాంతి చేసికొనజాలదు గనుక పొరపాటున తినినది వెలికి వచ్చు దారి లేదు.

ఇక మన నియమముల మాట. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు ఇంట కొందరు కుందేటి పళ్లెమును కూడ తీసివేయుదురు. పర్వదినములలో దానిచేత ఉపవాసము చేయించినామని సంతోషించువారిని సైతము చూచితిని. అయ్యా, వ్రతము పట్టినవాడు మీరు. కుందేలు ప్రత్యాఖ్యానము తీసికొనలేదు. సందెవేళను, వేకువను, రాత్రియు మేయుట దాని స్వభావము. దాని కెదుట ఎండుగడ్డి, నీరు ఎల్లవేళల నుండవలెను. అది తన మెత్తని పెంట తానే తినుట చూచి అసహ్యించుకొని ఆపవద్దు. ఒకసారి అరిగినదానినుండి మిగిలిన సారమును అది ఆ విధముగనే గ్రహించును.

ఒక విషయమున మాత్రము మన నియమము కుందేటికి మేలే చేయును. బొమ్మల పుస్తకములలో కుందేటి చేత క్యారెట్టు ఉండును. దానిలో తీపి యెక్కువ. కుందేటికి అది నిత్యాహారము కానేరదు. ఆ కందమూలము మనయింటికి తేనక్కరలేదు. గరిక, కొత్తిమీర, పుదీనా కడిగి పెట్టిన చాలును.

వయస్సును చూడవలెను. పసికూనకు తల్లిపాలే ఆహారము. తల్లి దినమున కొకటి రెండు మారులు, కొద్ది నిమిషములు మాత్రమే పాలిచ్చును; పాలిచ్చుట లేదని తొందరపడి కూనలను వేరుచేయరాదు. మూడవ వారమున గడ్డి కొరుక నారంభించును. ఎనిమిది వారములైనను తల్లియొద్ద నుంచుట మేలు. ఎదుగు వయస్సున లూసర్ను ఎండుమేత, గుళికల మేత కొంత ధారాళముగ పెట్టవచ్చును. ఆరేడు నెలలు నిండిన పిదప లూసర్ను తగ్గించి మామూలు పచ్చిక ఎండినది పెట్టవలెను. దానిలోని అధికమైన సున్నము మూత్రమున చేరి బాధించును. పెద్దజాతి కుందేళ్లు ఇంకను కొన్ని నెలలు ఎదుగును గనుక వాటికి కొంచెము ఆగవచ్చు. ఏ మార్పైనను వారము పది దినములలో మెల్లగా చేయవలెను. వరిగడ్డి పరుపునకు పనికివచ్చును గాని అదియొక్కటే మేతగా చాలదు. బూజు పట్టిన గడ్డి దేనికిని పనికిరాదు.

పరిమాణమును చూచుట వర్తకులమైన మనకు కష్టము కారాదు. పొట్టిజాతి కుందేలు కిలో తూగును. న్యూజిలాండు తెలుపు నాలుగైదు కిలోలు తూగును. రెంటికి ఒకే గిన్నెడు పోయుట తప్పు తూకమే. ఎదిగినదానికి కిలో బరువునకు దినమునకు 25 గ్రాములకు మించి గుళికలు వలదు. ఇంకొక మాట. మనదేశమున దొరకు మేత పట్టికలు అనేకము మాంసమునకై పెంచువారికి వ్రాసినవి; కొలది వారములలో బరువెక్కించుటయే వారి లాభము. మన పద్దు వేరు. స్థూలకాయము ఇంటి కుందేటికి రోగము.

జీవదయయని అంగడిలో కొని ఆరణి యేటి గట్టున విడిచివచ్చుటయు కలదు. ఇంట పుట్టిన కుందేలు అక్కడ కుక్కల పాలగును. పొలములోని చెవులపిల్లిని పట్టి తెచ్చుటయు వలదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము దానిని నిషేధించినది.

పూటంతయు కుందేలు మేత ముట్టనిచో రేపటి వరకు చూడక ఆ దినమే పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను.

ఆ పిల్లవాని కుందేటిని వాని తండ్రి అంగడి తక్కెడలోనే తూచితిమి. 1,800 గ్రాములు. గుళికలు 45 గ్రాములు కట్టి యిచ్చితిని. ఎండుగడ్డికి మాత్రము తూకము వేయలేదు.