మా వాడకొచ్చిన ఆసుపత్రి ఎవరిది?

మంగంపేట అంటే బయటోళ్ళకు ముగ్గురాయి. భూగోళం పుస్తకంలో బెరైటీస్. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఇదొకటని బళ్ళో చదువుకున్నాం. మా ఊరి పేరు అచ్చులో చూసి మురుసుకున్నాం. మేం పుట్టి పెరిగేనాటికి అది కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం. గని ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థది. చుట్టుపక్కల రాయిని పిండి చేసే మిల్లులు ప్రైవేటోళ్ళవి. ఆ రాయి గొప్పంతా దాని బరువులో ఉంది. నీళ్ళకంటే నాలుగు రెట్లకు పైనే. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు ఎగదన్నకుండా ఈ పిండిని బురదలో కలిపి బావిలోకి దించుతారు. అందుకే మా ఊరి రాయి ఓడలెక్కి గల్ఫు దాకా పోయింది. పెద్దాసుపత్రుల్లో కడుపు ఎక్స్‌రే తీసేముందు తాగించే తెల్లమందు కూడా ఈ రాయి జాతిదే, బేరియం సల్ఫేటు. ఎవరి కడుపులో పుండు యాడుందో చూపించే ఖనిజమది. దాన్ని తవ్వి, పగలగొట్టి, పిండి చేసి పంపిన మనుషుల రొమ్ములో ఏముందో చూడ్డానికి మాత్రం చానా ఏండ్లు ఎక్స్‌రే దొరకలేదు.

ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం. రెండో కారణం కడప టౌనులో రైలుకట్ట పక్క వాడలో బతికే మా అక్క. ఆమె సంగతికి తర్వాత వస్తాను.

మా నాయన మిల్లులో బస్తాలు పట్టేవాడు. పిండి దిగే గొట్టం కింద బస్తా మూతి పట్టుకొని నిలబడే పని. ముక్కుకు అడ్డం తువ్వాల. పొద్దుగూకి ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగుండేవి. "యముడొచ్చినా గుర్తుపట్టలేడు లేరా నిన్ను" అని మా జేజి నవ్వేది. యముడు బాగానే గుర్తుపట్టినాడు. గుర్తుపట్టంది డాక్టర్లే.

అప్పట్లో మేం పోయే సర్కారాసుపత్రిలో డాక్టరు బల్ల అవతల, మా నాయన గడప ఇవతల. నోరు తెరువు, దగ్గు, ఎన్నాళ్ళనుంచి, అన్నీ అక్కణ్ణుంచే. స్టెతస్కోపు మెడలో ఉండేది. ఎప్పుడూ మెడలోనే ఉండేది. కాంపౌండరు మాత్రలు కాగితంలో చుట్టి, అరచేతిలో పడేట్టు పైనుంచి వదిలేవాడు. బావి గట్టుమీద నిలబడి మా దోసిట్లో నీళ్ళు పోసినట్టు. టీబీ అని రాసినారు. మూడుసార్లు టీబీ మందులు మింగినాడు. మందులు వేడి చేస్తాయని మాయమ్మ మజ్జిగ అడుక్కొచ్చి పోసేది. దగ్గు మాత్రం తగ్గలేదు.

చివరికి తిరుపతి పెద్దాసుపత్రిలో ఒక హౌస్ సర్జను, మీసాలు సరిగా రాని పిల్లోడు, నాయన వీపుమీద చెయ్యి పెట్టి అడిగినాడు. "ఏం పని చేస్తావు పెద్దాయనా?" అన్నేండ్లలో ఆ మాట అడిగినోడు అతనొక్కడే. ఎక్స్‌రే తీయించి నాకు విడమరిచి చెప్పినాడు. ముగ్గురాయి పిండి ఒట్టిదైతే ఊపిరితిత్తుల్లో పేరుకున్నా పెద్దగా చెరపదంట. దాంతోపాటు కలిసొచ్చే పలుగురాయి దుమ్ముంది చూడండి, సిలికా, అదీ చంపేది. దాని పేరు సిలికోసిస్. ఒకసారి మచ్చలు కట్టిన ఊపిరితిత్తిని మళ్ళా మెత్తబరిచే మందు లేదు. ఆ దుమ్ములో ఉండేవాడికి టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది కాబట్టి రెండూ కలిసిపోయి అసలుది మరుగున పడుతుంది. 1997లో నాయన పోయినాడు. నేనప్పుడు హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతాన్నాను.

ఆ పిల్ల డాక్టరు అడిగిన ప్రశ్న కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. 1700లో ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు చేతిపనులోళ్ళ రోగాలమీద ఒక పుస్తకం రాసినాడు. పాతకాలం నుంచి వైద్యులు రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమన్నాడు, నీ పనేమిటని. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ అది ఉండేది. ఫ్యాక్టరీలో పని చేసినవాడికి సిలికోసిస్ లాంటి జాబితా రోగం ఉందని అనుమానం వచ్చినా సరే, వైద్యం చేసే డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాలని అందులో 89వ సెక్షను చెప్పేది. దాన్నిబట్టి పరిహారం, మిల్లులో దుమ్ము పీల్చే యంత్రం, తడి పద్ధతి, అన్నీ అడగొచ్చు. అడగాలంటే ముందు కాగితం కావాల. కాగితానికి ముందు ఆ ఒక్క ప్రశ్న కావాల.

ఇప్పుడు పేదలకు వైద్యం 'అందుబాటు'లోకి తెచ్చామని బోర్డుమీద రాస్తాన్నారు. ఆ మాట నాకు ఇష్టమే. అందులో 'అందడం' ఉంది, అంటే చేతికి చెయ్యి తగలడం. మరి లెక్కలన్నీ కిలోమీటర్లలో ఎందుకు వేస్తారు?

అంబేద్కర్ 1935-36 ప్రాంతంలో తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక ఉత్తరాన్ని చేర్చినాడు. 1929 డిసెంబరులో గాంధీ పత్రిక 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. రాసింది కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు. పెండ్లాం బిడ్డను కని రెండు దినాలకు జబ్బుపడింది. డాక్టరు రెండు రూపాయల ఫీజుకు ఒప్పుకున్నాడు. వాడలోకి మాత్రం రానన్నాడు. పచ్చి బాలింతను వాడ బయటికి మోసుకొచ్చినారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చినాడు, ఆయన మొగుడికిచ్చినాడు, మొగుడు పెండ్లానికి పెట్టినాడు. మళ్ళా అదే వరసలో వెనక్కి. దీపం వెలుతుర్లో చూసి న్యుమోనియా అన్నాడు డాక్టరు. మందు పంపినాడు. ఆమె చచ్చిపోయింది. ఆ డాక్టరు ఆసుపత్రిని నడిపించుకొని వాడ అంచుదాకా తెచ్చినాడు కదా! కిలోమీటర్ల లెక్కలో అది నూటికి నూరుపాళ్ళు అందుబాటే. దూరమంతా ఆ మూడు చేతుల మధ్య ఉంది.

ఇక అక్క. పెండ్లి చేసుకొని కడప పోయింది. బావ మూటలు మోస్తాడు. ఆమె మునిసిపాలిటీ కాంట్రాక్టులో వీధులూడుస్తాది, కాలవలు తీస్తాది. వాళ్ళ వాడకు పట్టాల్లేవు, మురికివాడల జాబితాలో పేరు లేదు. పల్లెలో చావు తప్పించుకుందామని వచ్చినోళ్ళు, కరువుకు వచ్చినోళ్ళు, మా ఊరోళ్ళు కూడా నాలుగిండ్లు ఉన్నారు.

పట్టణాల పేదలకు ఆసుపత్రి ఉండాలన్నది ప్రభుత్వానికి ఆలస్యంగా తట్టింది. పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే ఆలోచన 1946 నాటి భోర్ కమిటీది. టౌన్లో పెద్దాసుపత్రి ఉంది కదా, మురికివాడోడు నడిచి పోతాడులే అనుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో పట్టణ మురికివాడలకని 192 ఆరోగ్య కేంద్రాలు పెట్టి, నడిపే పని స్వచ్ఛంద సంస్థల చేతిలో పెట్టినారు. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చింది, 50,000 మందికి ఒక కేంద్రమని. 2016లో మన రాష్ట్రంలో అవి ముఖ్యమంత్రి ఆరోగ్య కేంద్రాలైనాయి, ఆ తర్వాత ప్రభుత్వం మారి వైఎస్సార్ పేరు పెట్టుకున్నాయి. 2018 నుంచి హైదరాబాదులో బస్తీ దవాఖానాలు. బోర్డులకు రంగులు బాగానే పడినాయి. నేను వీటిని ఎగతాళి చేయడం లేదు. ఒక బీపీ మాత్ర, ఒక చక్కెర పరీక్ష ఇంటిపక్కన ఊరికే దొరికితే నెలకు ఎంత మిగుల్తాదో కూలోళ్ళకు తెలుసు.

కానీ చూడండి. అక్క తెల్లారుజామున నాలుగున్నరకు మస్టరుకు పోతాది. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. బావ పొద్దున పోయి రాత్రికొస్తాడు. వాళ్ళ దగ్గరి కేంద్రంలో డాక్టరమ్మ కనపడేది పొద్దున పూట. మిషన్ పత్రంలో మాత్రం మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా అని రాసుంది. ఎవరో కూలి బతుకు తెలిసినాయన రాసుంటాడు పాపం. జాబితాలో లేని వాడల్ని కూడా కలుపుకోవాలని కూడా రాసుంది. ఆ పత్రాన్ని చదివిన కార్యకర్తలు ఎంతమంది?

ఇదంతా ఒక ఎత్తు. నన్ను కలవరపెట్టింది వేరే. అక్క చేతులకు, కాళ్ళకు ఎప్పుడూ పుండ్లు. జ్వరం వచ్చిపోతాంటుంది. కేంద్రంలో చీటీమీద 'పని' అనే గడి ఉంది. అక్క 'కూలి' అని చెప్పింది.

"కాలవలు తీస్తానని ఎందుకు చెప్పలేదక్కా?"

"మొదుట్లో చెప్పినా. సూదేసే ఆమె కుర్చీ ఎనక్కి జరుపుకునింది. చెప్పకపోతే చెయ్యి పట్టుకొని సూదేస్తాది. నాకు చెయ్యి పట్టుకునేది కావాల్నా, రాసుకునేది కావాల్నా?"

రామజ్జీని ఇటలీలో రాసిన ప్రశ్న మన దేశంలో అడుగు పెట్టేసరికి ఇట్లా అయింది. ఏం పని చేస్తావు అంటే ఇక్కడ ఏ కులం అని. మా నాయన్ను ఎవరూ అడగకపోవడం వల్ల చచ్చిపోయినాడు. మా అక్కను అడగడమే ఆమెకు అవమానం. ఒకే ప్రశ్న మందూ అవుతుంది, విషమూ అవుతుంది. కులం అడక్కుండా వైద్యం చేస్తున్నాం, మాకందరూ సమానమే అని గొప్పగా చెప్పుకునే డాక్టర్లను చూసినాను. పని తెలుసుకోకుండా చేసే ఆ సమానత్వం మాకు పనికి రాదు. ఏ దుమ్ములో నిలబడినాడో, ఏ కాలవలో దిగినాడో చూడనివాడు రోగాన్ని సగమే చూస్తాడు. అడగాల్సిందే. అడిగినాక కుర్చీ జరగకూడదు. ఈ రెండోది ఏ పత్రంలోనూ లేదు.

విద్యార్థి మిత్రులొకరు నాతో వాదించినారు. మురికివాడకు చిన్న దవాఖానా, ఉన్నోళ్ళకు కార్పొరేట్ ఆసుపత్రి, ఇది రెండు గ్లాసుల పద్ధతి కాక ఇంకేంటన్నా? హోటల్లో రెండో గ్లాసును పగలగొట్టినాం, ఆసుపత్రిలో రెండో గ్లాసును ఎట్లా అడుగుతాం? మాట గట్టిదే. దీన్ని కొట్టిపారేయలేను. మహద్ చెరువు దగ్గర 1927లో అంబేద్కర్ మాకు వేరే చెరువు తవ్వించండని అడగలేదు. అందరి చెరువులో దోసిలి ముంచినాడు. మా వాడలోనూ హరిజనుల బావి అని ఒకటి తవ్వినారు. ఊరి బావి తలుపు అట్లాగే మూసుకొని ఉండిపోయింది. మా బావికి గిలక విరిగితే ఆర్నెల్లైనా ఎవరూ రాలేదు, ఎందుకంటే అందులో నీళ్ళు తోడుకునేది మేమొక్కరమే. ఊరోళ్ళ పిల్లలు తాగే బావైతే తెల్లారేసరికి గిలక వచ్చేది. ఆసుపత్రికీ అదే ధర్మం. కలెక్టరాఫీసు గుమాస్తా తన బిడ్డను తీసుకొచ్చే చోట మందులు అయిపోవు.

అయినా ఆ బావి వద్దని అనుంటే? మా జేజి చేతిలో ఖాళీ కడవతో ఊరి బావి దగ్గర ఎవరు పోస్తారా అని గంటలు నిలబడింది. వాడలో బావి పడినాక ఆ నిలబడ్డం పోయింది. అది చిన్న సంగతి కాదు. రెండో గ్లాసు వద్దని చెప్పే హక్కు దాహమేసినోడికి ఉంది. దాహం లేనోడు వాడి తరఫున పగలగొడితే కుదరదు. నేను చెప్పేదేమంటే, వాడలో కేంద్రం కావాల, అది వాడోళ్ళకు మాత్రమే అనే గుర్తు ఉండకూడదు. 'మురికివాడ ఆసుపత్రి' అనే పేరుతోనే సగం గోడ కట్టేస్తాన్నారు. రెండు వీధుల నడుమ, రెండు కులాలు నడిచే దోవలో పెట్టమని అడగండి. స్థలం ఎంచుకునేటప్పుడే ఉద్యమం అక్కడుండాల. బోర్డు పెట్టినాక ధర్నా చేస్తే ఏం లాభం?

మన దగ్గర పాంథర్స్ పేరు గొప్పగా చెప్పుకుంటాం. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఆ పేరు తీసుకునింది అమెరికా నల్లోళ్ళ దగ్గర. ఆ బ్లాక్ పాంథర్లు తుపాకులతో ఉన్న ఫోటోలు మన గోడలమీద చూసినాను. 1970 నుంచి వాళ్ళు తమ శాఖలన్నీ ఉచిత ఆసుపత్రులు పెట్టాలని తీర్మానించుకొని, తెల్ల డాక్టర్లు పట్టించుకోని సికిల్ సెల్ రక్తరోగానికి ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసిన సంగతి మాత్రం మన సభల్లో ఎవరూ చెప్పరు. ఉపన్యాసానికి అది పనికిరాదేమో! వాళ్ళు అడిగింది రాయితీ కాదు. మా ఒంటికి ఏ రోగమొస్తుందో, ఎందుకొస్తుందో మేమే లెక్క రాసుకుంటామన్నారు.

మనకు దాని పోలిక ఒకటి కాగితమ్మీదైతే ఉంది. పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50 నుంచి 100 ఇండ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాల. ఏడాదికి 5,000 రూపాయలు వాళ్ళ చేతికి. డబ్బు ముష్టంత. కానీ ఆ సమితి కూర్చొని ఆసుపత్రిని ప్రశ్న అడగొచ్చు. అక్క వాళ్ళ వాడలో పేర్లు రాసుకున్న సమితి ఒకటుందని తెలిసి, నేనూ ఇద్దరు స్నేహితులూ పోయి ఆడోళ్ళను కూర్చోబెట్టినాం. పది పన్నెండు మంది వచ్చినారు. సాయంత్రం డాక్టరు ఉండాలన్నది ఒక్క నిమిషంలో తేలిపోయింది. చీటీలో 'పని' గడి దగ్గర రెండు గంటలు పట్టింది.

ఊడ్చే పని అని రాయిద్దాం, రేపు రోగమొస్తే కాంట్రాక్టరును పట్టుకోవచ్చని చిన్న వయసామె ఒకామె అనింది. వద్దు, పిల్లోళ్ళ పెండ్లి సంబంధాలకు అడ్డమొస్తాదని ఇంకొకామె. మన వాడలో ఎవురు ఏం చేస్తారో కడపంతా తెలుసు, ఇంకేం దాపరికమని మరొకామె నవ్వింది. అక్క చానాసేపు మాట్లాడలేదు. చివర్లో, అందరం ఒకేసారి రాయిస్తే నేనూ రాయిస్తా, నన్నొక్కదాన్నే రాయమంటే రాయను, అనింది. సంతకాలు పెట్టిన కాగితంలో సాయంత్రం డాక్టరు సంగతి ఉంది, జాబితాలో వాడ పేరు చేర్చమని ఉంది. పని గడి సంగతి మళ్ళా కూర్చున్నప్పుడు తేల్చుకుందామని వదిలేసినారు.