పిట్టగోడ ఖర్చు ఎవరిది?

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 22:8, 24:14, 15, 1 కొరింథీయులకు 8:9-13

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. ఇల్లు నాది, మిద్దె నాది, చూచి నడువనివాడు పడిన నాకేమి అని యజమానుడు చెప్పుటకు వీలులేదు. పొరుగువాని ప్రాణము కొరకు మన స్వాతంత్ర్యమునకు హద్దు పెట్టవచ్చునని దీనివలన తేలుచున్నది. అయితే గోడకు ఇటుకయు సున్నమును కావలెను గదా! వాటి వెల ఎవరు పెట్టుకొనవలెను? కోవిడ్ తెగులు కాలములో ఈ ప్రశ్న మిక్కిలి కఠినముగా లేచెను.

అమెరికా దేశమందలి కాలిఫోర్నియా రాష్ట్రములో లాస్ ఏంజిలిస్ కౌంటీ కలదు. కౌంటీ యనగా మన జిల్లావంటిది. అందులో ఇంచుమించు కోటిమంది నివసించుచున్నారు. 2020 జూలైలో అక్కడి హోటళ్లలో లోపల కూర్చుండి భుజించుట నిషేధింపబడగా, యజమానులు కాలిబాటలమీదను ఆవరణములలోను బల్లలు వేసి, డేరాలు కట్టి, వ్యాపారము నిలుపుకొనిరి. నవంబరు 25 రాత్రి 10 గంటలనుండి ఆరోగ్యశాఖవారు ఆరుబయట భోజనమును సహా ఆపివేసిరి. పొట్లములు కట్టి యిచ్చుటకు మాత్రము సెలవుండెను.

అధికారుల మాటలో న్యాయము లేకపోలేదు. భుజించువాడు మాస్కు తీయక తప్పదు. వేరు వేరు యిండ్లవారు ఒక బల్లయొద్ద చాలసేపు మాటలాడుచు కూర్చుందురు. రోగలక్షణములు కనబడకమునుపే ఈ తెగులు ఒకనినుండి మరియొకనికి అంటును. 2021 జనవరి నాటికి అక్కడి ఆసుపత్రులు నిండిపోయి, ప్రాణవాయువును పొదుపుగా వాడుడని అంబులెన్సువారికి ఉత్తరువు ఇయ్యవలసివచ్చెను.

హోటలువారి మొరలోను న్యాయము కలదు. వారు కోర్టుకు వెళ్లిరి. నిషేధమువలన కలుగు మేలును నష్టమును తూచిచూడకయే కౌంటీవారు ఆజ్ఞ యిచ్చిరని 2020 డిసెంబరు 8న న్యాయాధిపతి తీర్పు చెప్పెను. అప్పటికే రాష్ట్ర ప్రభుత్వపు ఆజ్ఞయు అమలులో నున్నందున బల్లలు తిరిగి వేయబడలేదు. 2021 జనవరి 29న గాని ఆరుబయట భోజనము మరల ఆరంభము కాలేదు. మార్చి 1న పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, ఆరోగ్యాధికారుల నిర్ణయమునకు తగిన ఆధారము కలదనెను. ఇంతలో బర్బాంక్ పట్టణములో ఒక హోటలువారు ఆజ్ఞను ధిక్కరించి వడ్డించుచుండగా, ఆరోగ్యశాఖ వారి అనుమతిపత్రమును రద్దుచేసెను. నగరాధికారులు విద్యుచ్ఛక్తిని నిలిపివేసిరి.

అధికారము ఎంతవరకు కలదో కోర్టులు తేల్చును. భారము న్యాయముగా పంచబడెనా అను ప్రశ్న మనస్సాక్షికి మిగులును. ఇందులో మూడు సంగతులు ఆలోచింపదగినవి.

మొదటిది, లోబడువాని ధర్మము. తన భోజనము సహోదరునికి హాని చేయునట్లయితే ఆ భోజనమునే విడిచిపెట్టుటకు పౌలు సిద్ధపడెను. నాకు హక్కు కలదా అని ఆయన అడిగి ఊరకుండలేదు. దానివలన ఎవడు చెడును అనియు అడిగెను. ఆజ్ఞ తప్పని తలంచువాడు కోర్టుకు పోవచ్చును, మహజరు పెట్టవచ్చును. ఇతరుల ప్రాణములను పణముగా పెట్టి వడ్డింపరాదు.

రెండవది, ఆజ్ఞాపించువాని ధర్మము. నవంబరు 24న ఆ కౌంటీ పాలకమండలిలో ముగ్గురు ఒక వైపునను ఇద్దరు మరియొక వైపునను ఓటు చేయగా నిషేధము నిలిచెను. ఆ ముగ్గురిలో ఒకరు ఆ సాయంకాలమే ఒక హోటలులో ఆరుబయట భుజించిరి. నిషేధము ఇంకను అమలులోనికి రాలేదు గనుక చట్టము మీరినట్లు కాదు. అయినను, ఇతరులమీద బరువులు మోపి తాము తప్పించుకొను శాస్త్రులను ప్రభువు ఏల గద్దించెనో ఇట్టిచోట బోధపడును.

మూడవది, కాపాడబడినవారి ధర్మము. దీనినే మనము సులభముగా మరతుము. బల్లలు తీసివేసిన రాత్రి వడ్డించువానికి, వంటవానికి, గిన్నెలు తోమువానికి పని పోయెను. కూలివాడు బీదవాడు గనుక ప్రొద్దుగ్రుంకకమునుపే వాని కూలి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. మిద్దె యజమానునిది గనుక గోడ ఖర్చు ఆయనదే. తెగులునకు కట్టిన గోడ కోటిమందిని కాపాడునది. దాని యిటుకలన్నియు కొందరి యిండ్లనుండియే తెచ్చుట న్యాయమా? 2021 మార్చిలో అమెరికా ప్రభుత్వము హోటళ్ల సహాయమునకు 2,860 కోట్ల డాలర్లు కేటాయించెను. అడిగినవారిలో సగముకంటె ఎక్కువమందికి అది అందకయే నిధి అయిపోయెను.

ప్రియ సహోదరులారా, మన దేశములోను 2020 మార్చి చివరనుండి జూన్ వరకు హోటళ్లలో కూర్చుండి భుజించుట నిలిచిపోయెను. ఇట్టి దినములు మరల రావచ్చును. ఆరోగ్యాధికారి వచ్చి విందు ఆపుడనిన ఆపుదము. ఊరి టీ కొట్టు మూయించినయెడల సణుగక మూయనిత్తము. అయితే ఆ సాయంకాలమే వెళ్లి, ఆ కొట్టువాని యింట పొయ్యి రగిలినదో లేదో విచారింతము.