కాళ్లు నరికిన కమ్మీలు

ఒక ఊళ్లో పాల సొసైటీ ఉండేది. ఊరు చిన్నదే గానీ గేదెలు ఎక్కువ. తెల్లవారుజామునే సొసైటీ గది ముందు క్యాన్ల చప్పుడు మొదలయ్యేది. వెన్న శాతం చూసి, లీటర్లు కొలిచి, పుస్తకంలో ఎక్కించేవారు. పదిహేను రోజులకోసారి బిల్లు ముట్టేది. పిల్లల ఫీజులూ, పండగ బట్టలూ, కిరాణా కొట్టు బాకీలూ అన్నీ ఆ బిల్లు కోసమే కాచుకుని ఉండేవి.

సొసైటీకి ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఐదేళ్లుగా కుర్చీలో ఉన్న ప్రెసిడెంటుకీ, ఆయన చేతిలో ఓడిపోయిన మాజీ ప్రెసిడెంటుకీ ఉప్పూ నిప్పూ. ఎన్నికలకు ముందు సర్వసభ్య సమావేశం పెట్టి ఐదేళ్ల లెక్కలు చదవాలి. సెక్రటరీ చదువుతుంటే సభ్యులు కునుకు తీయడం ఏటా ఉన్నదే. ఈసారి అలా కాకూడదని ప్రెసిడెంటు హైస్కూలుకి వెళ్లి లెక్కల మాస్టారిని కలిశాడు.

"మాస్టారూ, మీ పిల్లలు గ్రాఫులు బాగా గీస్తారట. మా లెక్కలు కూడా చార్టుల మీద గీయించి ఇవ్వండి. గోడకి తగిలిస్తాం. చదువు రానివాళ్లకి కూడా చూడగానే తెలిసిపోతుంది."

మాస్టారికి ఆ మాట నచ్చింది. తొమ్మిదో తరగతికి కమ్మీ చిత్రాల పాఠం అప్పుడే అయింది. సొసైటీ పుస్తకంలోని అంకెలు బోర్డు మీద రాశాడు. లీటరు పాల సగటు ధర ఐదేళ్లకు వరసగా 40, 41, 42, 43, 44 రూపాయలు. యాభై కిలోల దాణా బస్తా ధర 900, 1,000, 1,100, 1,200, 1,350 రూపాయలు.

"అందరికీ ఇవే అంకెలు. ఒక్కటీ మార్చకూడదు. మీరు గీసింది చూస్తే మన ఊళ్లో పాడి ఎలా ఉందో తెలియాలి. ఎలా గీస్తారో మీ ఇష్టం" అన్నాడు.

ముగ్గురు ముందుకొచ్చారు.

మొదటివాడు ప్రెసిడెంటు గారి అబ్బాయి. పాఠంలో చెప్పినట్టే సున్నా దగ్గర మొదలుపెట్టి పాల ధరకు ఐదు కమ్మీలు గీశాడు. ఐదూ ఇంచుమించు ఒకే ఎత్తున వచ్చాయి. తండ్రి చూసి మొహం చిట్లించాడు. "ఇదేంట్రా! ఐదేళ్లు ఒళ్లు వంచి పనిచేస్తే నీ బొమ్మలో ఎదుగూ బొదుగూ లేదే!" అన్నాడు. కుర్రాడు తెలివైనవాడు. కొత్త చార్టు తీసి, నిలువు అక్షం సున్నాకు బదులు 39 దగ్గర మొదలుపెట్టి, రూపాయికి ఐదు సెంటీమీటర్ల చొప్పున గీశాడు. మొదటి కమ్మీ బొటనవేలంత వచ్చింది. చివరిది జానెడు దాటింది. అంకెలు మారలేదు, అబద్ధం ఒక్కటీ రాయలేదు. తండ్రి వాడి భుజం తట్టాడు.

రెండోవాడు మాజీ ప్రెసిడెంటు మేనల్లుడు. బొమ్మలు బాగా వేస్తాడు. దాణా ధర తీసుకుని పట చిత్రం వేశాడు. మొదటి ఏటికి పది సెంటీమీటర్ల ఎత్తు, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బస్తా. చివరి ఏటికి ధర ఒకటిన్నర రెట్లు అయింది కాబట్టి ఎత్తు పదిహేను చేశాడు. అదే ఎత్తుగా, సన్నగా ఉంటే బస్తాలా కనిపించదని వెడల్పు కూడా పన్నెండు చేశాడు. చిన్న బస్తా పక్కన పెద్ద బస్తా కొండలా కూర్చుంది. మేనమామ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మూడోది రెండు గేదెల మీద బతికే ఒక ముసలమ్మ మనవరాలు. ఆ పిల్ల గీత గీయకముందే ఇంటికెళ్లి అడిగింది.

"నాయనమ్మా, పాల ధర పెరిగింది కదా! మనకేమైనా మిగులుతోందా?"

"ధర మాట నాకెందుకే? ఎన్ని లీటర్లు పోశానో, బస్తా ఎన్నాళ్లు వచ్చిందో అడుగు, చెప్తా. బస్తా అయిపోయేలోపు వంద లీటర్లు పోస్తున్నా. ఏ ఏడు చూసినా అంతే, కాస్త అటూ ఇటూ."

పిల్లకి దారి దొరికింది. బస్తాకు వంద లీటర్లయితే, బస్తా 900 ఉన్న ఏడు లీటరు పాల వెనక 9 రూపాయల దాణా ఉంది. 1,350 అయిన ఏడు 13 రూపాయల 50 పైసలు ఉంది. దాణా పోగా లీటరుకు మిగిలింది మొదటి నాలుగేళ్లూ 31 రూపాయలే. ఐదో ఏడు 30 రూపాయల 50 పైసలు.

సున్నా దగ్గర మొదలుపెట్టి ఐదు కమ్మీలు గీసింది. ఒక్కో కమ్మీలో రెండు రంగులు. కింద ఆకుపచ్చ, అది చేతిలో మిగిలింది. పైన ఎరుపు, అది దాణాకు పోయింది. ఏ ముక్క ఎంతో దాని మీదే అంకె వేసింది. చార్టు అడుగున ఇలా రాసింది: "పాల ధర, బస్తా ధర సొసైటీ పుస్తకంలోవి. బస్తాకు వంద లీటర్లన్నది మా ఇంటి లెక్క. గడ్డి, మందులు, నాయనమ్మ చాకిరీ ఇందులో కలపలేదు. స్కేలు: 1 సెంటీమీటరుకు 2 రూపాయలు."

తోటి పిల్లలు ఆ బొమ్మ చూసి నవ్వారు. ఆకుపచ్చ ఎక్కడా ఎగరలేదు, ఎక్కడా పడలేదు. "ఇంత చప్పగా ఉంటే ఎవరు చూస్తారే?" అన్నారు.

సమావేశం రోజు మూడు చార్టులూ గోడకెక్కాయి.

ప్రెసిడెంటు మొదటి చార్టు ముందు నిలబడ్డాడు. "చూశారుగా! అప్పుడెక్కడున్నాం, ఇప్పుడెక్కడున్నాం!" చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఒక రైతు తల గోక్కున్నాడు. "బొమ్మలో ఐదింతలైంది సరే, నా బిల్లు ఐదింతలు కాలేదే!"

మాజీ లేచి రెండో చార్టు చూపించాడు. "ఆ బస్తా చూడండి! ఇలాగే పోతే పాడి మానేసి కూలికి పోవాల్సిందే!" గుంపులో కలకలం రేగింది. అప్పు చేసి ఈ మధ్యే గేదెను కొన్న ఒకాయన, "రేపే సంతకి తోలుకెళ్తా, ఎంతకొస్తే అంతకి అమ్మేస్తా" అన్నాడు.

అప్పుడు మాస్టారు జేబులోంచి స్కేలు తీసి ఆ రైతు చేతికిచ్చాడు. "అమ్మే ముందు ఒక్కసారి కొలిచి చూడవయ్యా."

రైతు మొదటి చార్టు కొలిచాడు. "మొదటిది ఐదు, చివరిది ఇరవై ఐదు."

"నలభై రూపాయలు నలభై నాలుగైతే ఎన్నింతలు పెరిగినట్టు?"

"ఇంతలెక్కడివి మాస్టారూ? పదిలో ఒక వంతు పెరిగింది."

"మరి కమ్మీ ఐదింతలు ఎందుకుంది? దాని పాదం దగ్గర ఏ అంకె ఉందో చూడు."

రైతు వంగి చూశాడు. 39. "అమ్మ దొంగా! కమ్మీల కాళ్లు నరికేశారే! మిగిలిన తలకాయలు కొలిచి పొడుగంటున్నారు."

సభ గొల్లుమంది. ప్రెసిడెంటు గారి అబ్బాయి తల దించుకున్నాడు.

బస్తాను కూడా కొలిపించాడు మాస్టారు. ఎత్తు ఒకటిన్నర రెట్లు, వెడల్పు ఒకటిన్నర రెట్లు. కన్ను చూసేది ఎత్తొక్కటే కాదు, బస్తా ఆక్రమించిన చోటంతా. అది రెండుంపావు రెట్లు. ధర మాత్రం ఒకటిన్నరే.

చివరికి చప్పటి చార్టు దగ్గరికి వచ్చారు. ఆకుపచ్చ కిందనే ఎందుకు పెట్టావని మాస్టారు పిల్లను అడిగాడు.

"అడుగున ఉంటేనే ఐదూ ఒకే గీత మీద నిలబడతాయి సార్. పైన పెడితే ఒక్కోటి ఒక్కో ఎత్తున మొదలవుతుంది. ఏది పెరిగిందో, ఏది తగ్గిందో కంటికి ఆనదు."

రైతు స్కేలు పెట్టాడు. ఆకుపచ్చ మొదటి నాలుగేళ్లూ పదిహేనున్నర సెంటీమీటర్లు. ఐదో ఏడు రెండున్నర మిల్లీమీటర్లు తక్కువ. కొలిచినాయన నెమ్మదిగా అన్నాడు: "అంటే మనం మునిగిందీ లేదు, తేలిందీ లేదు. నాలుగేళ్లు పెరిగిన ధరంతా దాణా మింగింది. ఈ ఏడు మన చేతిలోది అర్ధ రూపాయి లాక్కుంది."

"అయితే పట్టించుకోవాల్సింది దాణా సంగతి" అంది వెనకనుంచి ముసలమ్మ. ఆ మాటతో పోట్లాట చర్చగా మారింది. ఒక్కో ఇంటివాళ్లూ ఒక్కో బస్తా కొనే బదులు సొసైటీ తరఫున లారీ లెక్కన మిల్లు దగ్గరే కొంటే ఎలా ఉంటుందన్నారు. ప్రెసిడెంటూ, మాజీ ఇద్దరూ చేతులెత్తారు. ఎన్నికల్లో ఎవరు గెలిచారన్నది ఈ కథకు అక్కర్లేదు. ఆ తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది. గేదె సంతకు పోలేదు.

నీతి: అంకె నిజమైనంత మాత్రాన బొమ్మ నిజం కాదు. ఎక్కడ మొదలైందో, దేనితో పోల్చిందో, ఏం వదిలేసిందో చెప్పిన బొమ్మే నిజం.

ఈ నీతి పాల సొసైటీతో ఆగేది కాదు. ఆర్థిక లెక్కలను బొమ్మలుగా చూపించే విద్య పుట్టిందే నలుగురికీ చూడగానే తెలియడానికి. విలియం ప్లేఫెయిర్ 1786లో ఇంగ్లండు ఎగుమతులు, దిగుమతులను గీతలుగా గీసి పుస్తకం వేశాడు. స్కాట్లాండుకు ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. ఏళ్ల వెంట సాగే గీతకు అవి చాలవు. అందుకని ఏ దేశంతో ఎంత వ్యాపారమో పక్కపక్కన కమ్మీలుగా నిలబెట్టాడు. 1801లో వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపించిందీ ఆయనే. చేతిలో ఉన్న లెక్కను బట్టి బొమ్మను ఎంచుకోవడం ఆనాడే మొదలైంది. మన బడి పిల్లలకు ముందు నేర్పాల్సింది కూడా అదే.

కమ్మీ తన పొడవుతో మాట్లాడుతుంది. కాబట్టి దాని పాదం సున్నా మీదే ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. గీత గ్రాఫు వాలుతో మాట్లాడుతుంది. దానికి సున్నా తప్పనిసరి కాదు, ఒక్కోసారి సున్నాయే అడ్డమవుతుంది కూడా. 1911లో 25.2 కోట్లున్న భారతదేశ జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు తగ్గింది. మన జనగణనల్లో జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దానికి పెద్ద కారణం. సున్నా నుంచి కమ్మీలు గీస్తే అంత ఘోరమూ కంటికి కనబడదు. అలాంటి చోట గీత గ్రాఫు వాడి, స్కేలు మధ్యలో మొదలుపెట్టవచ్చు. కానీ అక్షం మీద విరుపు గుర్తు పెట్టి, ఎక్కడ మొదలుపెట్టారో రాసి తీరాలి. పట చిత్రమైతే బొమ్మను పెంచకూడదు, అదే సైజు బొమ్మను ఎన్నిసార్లు కావాలో అన్నిసార్లు వేయాలి. వృత్త చిత్రం ఒక మొత్తంలోని భాగాలకే పనికొస్తుంది. ఐదేళ్ల ధరలను వృత్తంలో కోస్తే అర్థమే లేదు.

దేనితో పోల్చామన్నది ఇంతకన్నా పెద్ద సంగతి. 1950-51లో దేశంలో పండిన ఆహారధాన్యాలు 5.08 కోట్ల టన్నులు. 2010-11లో 24.45 కోట్ల టన్నులు. కమ్మీలు గీస్తే రెండోది దాదాపు ఐదింతలు ఉంటుంది, అది నిజమే. అదే కాలంలో జనాభా 36 కోట్ల నుంచి 121 కోట్లకు చేరింది. పంటను తలకింత అని పంచితే మనిషికి ఏడాదికి సుమారు 140 కిలోలు ఉన్నది 200 కిలోలకు వచ్చింది. ఈ కమ్మీ ఒకటిన్నర రెట్లు కూడా లేదు. రెండు బొమ్మలూ సున్నా మీదే నిలబడ్డాయి, రెండూ నిజాలే. మొదటిది రైతు ఎంత పండించాడో చెబుతుంది, రెండోది కంచంలోకి ఎంత వచ్చే వీలుందో చెబుతుంది. ఒక్కటే చూపించి రెండోది దాస్తే, కమ్మీ కాళ్లు నరక్కపోయినా చేసింది అదే పని. ధరలూ, జీతాలూ గీసేటప్పుడు కూడా ఇంతే. పాత రూపాయికి వచ్చిన సరుకు ఇవాళ్టి రూపాయికి రాదన్న సంగతి లెక్కలో చేరకపోతే ప్రతి గీతా పైకే పోతుంది.

మాస్టార్లకు ఒక మనవి. జూన్ 29న, గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుట్టిన రోజున, దేశం గణాంక దినోత్సవం జరుపుకుంటుంది. ఆ వారంలో పిల్లలకు ఒకే అంకెల పట్టిక ఇచ్చి రెండు బొమ్మలు గీయించండి. ఒకటి ఒప్పించేది, ఒకటి తెలియజెప్పేది. తర్వాత స్కేలు చేతికిచ్చి రెండూ కొలిపించండి. మోసం ఎలా చేస్తారో ఒకసారి తమ చేత్తో చేసి చూసిన పిల్లలు మళ్లీ అంత తేలిగ్గా మోసపోరు.

పిల్లలకు ఒక మాట. రేపు పత్రికలోనో, టీవీలోనో, ఎన్నికల కరపత్రంలోనో ఎత్తైన కమ్మీ కనిపిస్తే చప్పట్లు కొట్టకముందు మూడు ప్రశ్నలు వేయండి. సున్నా ఎక్కడుంది? అంకెలు ఎక్కడివి? ఇందులో కలపనిదేమిటి? జవాబు లేని బొమ్మ ఎంత రంగుగా ఉన్నా దాన్ని నమ్మకండి.