చేయి ఎవరిది? బాధ్యత ఎవరిది?

ఎక్కడైనా ఒక ఘోర ప్రమాదం జరిగి నలుగురు ప్రాణాలు కోల్పోతే మన ఇళ్ళలో మొట్టమొదట వినిపించే మాట, ‘రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం!’ అని. ఈ మాటలో అసత్యం లేదు. మరణఘడియ అల్లాహ్ జ్ఞానంలో ఉందని, అది ఒక క్షణం ముందుకూ జరగదని, వెనక్కూ జరగదని విశ్వసించడం మన విశ్వాసంలో భాగమే. అయితే ఈ మాటను ఎవరు, ఎప్పుడు, ఎందుకు అంటున్నారన్నది చూడాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అంటే అది సహనం. ఆ బిడ్డ మరణానికి కారణమైన యంత్రం యజమాని అంటే అది తప్పించుకునే దారి. సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సైన్యంతో వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే పోతున్నామని ఆయన సమాధానమిచ్చారు. ప్రమాదం ఎంత విధివ్రాతో, జాగ్రత్త కూడా అంతే విధివ్రాత. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక పల్లెవాసికి బోధించిన విషయం మనందరికీ తెలిసిందే. కనుక విధి గురించిన చర్చ ఇంతటితో చాలు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఒకరి చేతి మీదుగా హాని జరిగినప్పుడు, ఆ చేతికి పని నేర్పకుండానే దాన్ని అక్కడ పెట్టినవారు వేరొకరైతే, పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించకుండా జరిగిన ఒక ఘటనను ముందు పెట్టుకుందాం. ఆస్ట్రేలియా దేశం క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని గోల్డ్‌కోస్ట్‌లో డ్రీమ్‌వరల్డ్ అనే పెద్ద వినోద పార్కు ఉంది. అందులో ‘థండర్ రివర్ ర్యాపిడ్స్’ పేరిట 1986 నుంచి ఒక నీటి రైడ్ నడిచేది. గుండ్రని తెప్పల్లో కూర్చున్న జనం కృత్రిమంగా పారించిన నీళ్ళపై తిరిగి వచ్చి, చివర ఒక కన్వేయర్ మీదుగా పైకి లాగబడి దిగే చోటుకు చేరతారు. నీళ్ళను పారించేవి రెండు పెద్ద పంపులు. 2016 అక్టోబరు 25న ఆ పంపుల్లో ఒకటి ఆగిపోయింది. ఆ రోజు అది అంతకుముందే రెండుసార్లు ఆగింది, సరిచేసి మళ్ళీ నడిపించారు. మూడోసారి ఆగేసరికి నీటిమట్టం వేగంగా పడిపోయి, దిగే చోటుకు ముందున్న పట్టాల మీద ఒక ఖాళీ తెప్ప ఇరుక్కుంది. కన్వేయర్ మాత్రం ఆగలేదు. అది ఆరుగురు కూర్చున్న మరో తెప్పను తెచ్చి దానికి గుద్దించింది. తెప్ప పైకి లేచి యంత్రంలోకి జారింది. నలుగురు పెద్దవాళ్ళు మరణించారు. ఇద్దరు పిల్లలు బతికి బయటపడ్డారు.

ఆ సమయంలో అక్కడ ఇద్దరు ఆపరేటర్లు ఉన్నారు. ప్రధాన నియంత్రణ బల్ల దగ్గర ఒకరు, జనాన్ని దించే చోట ఒకరు. దించే చోట నిలబడిన యువతికి ఆ రైడ్ మీద అదే మొదటి రోజు. ఉదయం సుమారు గంటన్నర సేపు ఆమెకు పని చూపించారు. ఆమెకు అందుబాటులోనే ఒక అత్యవసర బటన్ ఉంది. దాన్ని నొక్కితే కన్వేయర్ రెండు సెకన్లలో ఆగిపోయేది. ప్రధాన బల్ల మీది బటన్ నొక్కితే నిదానంగా ఆగుతుంది. ఈ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ బటన్ సంగతి పట్టించుకోనక్కరలేదని తనకు చెప్పినట్లు ఆమె విచారణలో తెలిపింది. అంతేకాదు, ప్రధాన బల్లను చేరుకోలేని పరిస్థితిలో తప్ప దాన్ని వాడవద్దని ప్రమాదానికి కొద్ది రోజుల ముందే సిబ్బందికి ఒక నోటీసు కూడా వెళ్ళింది.

మరణకారణ విచారణాధికారి జేమ్స్ మెక్‌డూగల్ 2020 ఫిబ్రవరిలో తన నివేదిక వెలువరించారు. ముప్పై ఏళ్ళపాటు లక్షలాది మంది ఎక్కిన ఆ రైడ్‌కు సరైన ఇంజనీరింగ్ ప్రమాద పరిశీలన ఒక్కసారి కూడా జరగలేదని అందులో తేలింది. నీటిమట్టం పడిపోతే తనంతట తానే కన్వేయర్‌ను ఆపే ఏర్పాటు స్వల్ప ఖర్చుతో అయ్యేదే, కాని అది లేదు. 2001లోనే ఖాళీ తెప్పలు ఢీకొని తిరగబడిన ఘటన ఉంది. 2014లో తెప్పలు మళ్ళీ ఢీకొన్నాయి. అప్పుడు సంస్థ చేసింది ఏమిటంటే ఆపరేటర్‌ను ఉద్యోగం నుంచి తీసేయడం. యంత్రం మాత్రం అలాగే ఉండిపోయింది. చదువరులు ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగాలని నా మనవి. ఒక చేతిని తొలగించి మరో చేతిని పెట్టారు. తప్పు చేతిదే అయి ఉంటే 2016 అక్టోబరు రోజు వచ్చేదే కాదు.

ఇప్పుడు ధర్మశాస్త్రం వైపు వద్దాం. ఫిఖ్హ్ గ్రంథాల్లో ఇలాంటి సందర్భానికి రెండు మాటలున్నాయి. స్వయంగా తన చేతితో హాని చేసినవాడు ముబాషిర్. ఆ హానికి దారి ఏర్పరచినవాడు ముతసబ్బిబ్. ఇద్దరూ ఒకేచోట కలిస్తే బాధ్యత ముబాషిర్‌కే చెందుతుందన్నది ప్రసిద్ధ సూత్రం. ఉస్మానీయుల కాలంలో హనఫీ ఫిఖ్హ్‌ను చట్టరూపంలో కూర్చిన ‘మజల్ల’లోనూ ఇది ఉంది. పైపైన చదివినవాడు ఇంతటితో పుస్తకం మూసేసి, బటన్ దగ్గర నిలబడినవారిదే తప్పని తీర్పు చెప్పేయవచ్చు. 2014లో ఆ సంస్థ చెప్పిన తీర్పు అలాంటిదే మరి!

కాని మన ఫుఖహా అక్కడ ఆగలేదు. ఈ సూత్రం కిందనే ఇబ్నె నుజైమ్ (రహ్మలై) ఒక సమస్యను ప్రస్తావించారు. ఒకతను ఒక పసివాడి చేతికి కత్తి ఇచ్చి కాస్త పట్టుకొమ్మన్నాడు. అది చేజారి ఆ పిల్లవాడికే గాయమైంది. ఇక్కడ కత్తి ఇచ్చినవాడు జామిన్, అంటే నష్టానికి బాధ్యుడు. పిల్లవాడు తనంతట తాను ఆ కత్తితో పొడుచుకుంటే ఆ ఆదేశం మారుతుంది, ఎందుకంటే అక్కడ మధ్యలో పిల్లవాడి స్వంత చర్య వచ్చింది. కత్తి ఒకటే, పిల్లవాడు ఒకడే. చూడవలసింది ఏమిటంటే, జరిగినది ఆ చేయి చేసిన పనా, లేక ఆ చేయి మోయలేని బరువును దానిపై మోపడం వల్ల జరిగినదా అన్నది. అలాగే జనం నడిచే దారిలో ఎవరైనా హక్కు లేకుండా బావి తవ్వి వదిలేస్తే, అందులో పడి చనిపోయినవాని రక్తపరిహారం తవ్వినవాని వైపు వారిపై పడుతుంది. తవ్వినవాడు ఆ సమయానికి తన ఇంట్లో నిద్రపోతుండవచ్చు గాక! హద్దుమీరి కారణమైనవాడు చేయి కలపలేదన్నంత మాత్రాన బయటపడడు. గంటన్నర శిక్షణతో ఒక మనిషిని ప్రాణాలు తీయగల యంత్రం పక్కన నిలబెట్టి, దాన్ని వెంటనే ఆపే బటన్ గురించి చెప్పకపోవడాన్ని నేను పసివాడి చేతికి కత్తి ఇవ్వడంగానే చూస్తాను. ఆమె పెద్దదే కావచ్చు, ఆ యంత్రం విషయంలో మాత్రం ఆమె ఆ రోజుకు పసిబిడ్డ.

ఇంతకంటే గట్టి మాట మరొకటి ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) మనిషి స్వేచ్ఛకు ఎంతో విలువ ఇచ్చినవారు. బుద్ధి ఉన్న వయోజనుడు తన ఆస్తిని దుబారా చేస్తున్నా సరే, అతనిపై ఆంక్ష (హజ్ర్) విధించకూడదన్నది ఆయన అభిప్రాయం. మిగతా ఇమాములు, స్వయంగా ఆయన ఇద్దరు శిష్యులు కూడా ఇందులో ఆయనతో ఏకీభవించలేదు. అలాంటి ఇమామ్ ముగ్గురిని మాత్రం ఆపవలసిందేనన్నారు. జనానికి కుయుక్తులు నేర్పే ముఫ్తీ, విద్య లేని వైద్యుడు, దివాలా తీసిన బాడుగదారు. మద్రసాలో ఈ పాఠం వచ్చినప్పుడు మూడోవాణ్ణి చూసి విద్యార్థులు నవ్వుకుంటారు. ముఫ్తీ, వైద్యుల సరసన ఒంటెల బాడుగవాడేమిటి అని! కాని ఆలోచిస్తే మన విషయానికి అందరికంటే దగ్గరివాడు అతనే. అతని దగ్గర ఒంటెలు లేవు, కొనే స్తోమతూ లేదు. అయినా హజ్‌యాత్రికుల దగ్గర కిరాయి తీసుకుంటాడు. తీరా బయలుదేరాక వారు నడిదారిలో చిక్కుకుపోతారు. జనం తమ శరీరాలను అతని ఏర్పాటుకు అప్పగించారు, అతని వద్ద ఆ ఏర్పాటే లేదు. టిక్కెట్టు అమ్మి రక్షణ ఏర్పాటు చేయనివాడికీ ఇతనికీ తేడా ఏముంది? ఈ ముగ్గురి ఒప్పందాలు చెల్లవని దీని భావం కాదనీ, వారిని ఆ పని చేయనీయకుండా ఆపడమే దీని ఉద్దేశమనీ ఫుఖహా వివరించారు. అంటే ప్రమాదం జరిగాక పరిహారం లెక్కకట్టడం కాదు, ముందే గేటుకు తాళం వేయడం. ‘నీమ్ హకీమ్ ఖత్రాయె జాన్’ అని ఉర్దూలో అందరూ అంటారు. అర వైద్యునికి దుకాణం పెట్టి ఇచ్చినవాడి గురించి ఎవరూ సామెత చెప్పలేదు.

అలాగని ఆ చేతికి ఏ జవాబుదారీ లేదని అనలేం. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడే బాధ్యుడని దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఒక ప్రయాణంలో తలకు రాయి తగిలి గాయపడిన వ్యక్తికి స్నానం తప్పనిసరి అయినప్పుడు, తయమ్ముమ్‌కు అవకాశం ఉందా అని అతను తోటివారిని అడిగాడు. లేదన్నారు వారు. అతను స్నానం చేసి మరణించాడు. ఈ వార్త తెలిసిన దైవప్రవక్త (స) అతణ్ణి చంపింది వారేనని తీవ్రంగా ఆగ్రహించి, తెలియనితనానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు. వారికి హాని చేసే ఉద్దేశం ఏ కోశానా లేదు. అయినా తెలియని విషయంలో తెలిసినట్లు మాట్లాడారు. కనుక పని అప్పగించబడినవాడు ‘దీన్ని ఆపడం ఎలా?’ అని అడగవలసిందే. ప్రవక్త (స) ఎంతో ప్రేమించే హజ్రత్ అబూజర్ (రజి) ఒక పదవి కోరినప్పుడు, అది అమానత్ అని, ఆయన దానికి బలహీనులని ఆయన (స) మొహమాటం లేకుండా చెప్పేశారు. అబూజర్ (రజి) దైవభీతిని ఎవరు శంకించగలరు? మంచితనం వేరు, ఒక పనికి తగిన సామర్థ్యం వేరు. ఈ తేడాను మన మస్జిద్ కమిటీలు కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది, అది వేరే సంగతి.

అయితే అడిగేవాడికి అడిగే పరిస్థితి ఉండాలి. జీతం కోసం వచ్చిన కుర్రాడు మొదటి రోజే ‘నాకు ఇంకా రాలేదు, నేను నడపను’ అంటే రెండో రోజు అతనికి ఆ పని ఉంటుందా? అందుకే అడగకపోవడంలో అతని పాలు కొంత ఉంటే, అడగనీయకపోవడంలో యజమాని పాలు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. నాయకులైనా, ఇంటి యజమానులైనా, సేవకులైనా ప్రతి ఒక్కరూ కాపరులేనన్న హదీసు అందరికీ కంఠస్థమే. పెద్ద మందకు లెక్క కూడా పెద్దదే.

శిక్షణ అంటే బటన్లు చూపించడమేనని అనుకోకూడదు. ఇంగ్లాండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో 2015 జూన్ 2న ‘స్మైలర్’ అనే రైడ్ మీద పదహారు మంది కూర్చున్న బండి, పట్టాల మీద ఆగిపోయిన ఖాళీ బండిని ఢీకొట్టింది. ఇద్దరు యువతులు చెరొక కాలు కోల్పోయారు. విచిత్రం ఏమిటంటే యంత్రం తన పని తాను చేసింది. ముందు బండి ఉందని గుర్తించి వెనుక బండిని ఆపేసింది. ఖాళీ బండి ఆగి ఉన్న సంగతి తెలియని సిబ్బంది అది తప్పుడు సంకేతమనుకుని, దాన్ని పక్కనపెట్టి బండిని ముందుకు పంపారు. వారు పని తెలియనివారు కాదు. యంత్రం ఆగమన్నప్పుడు పట్టాలన్నీ కళ్ళతో చూసి వచ్చేదాకా ఆగే పద్ధతి వారికి ఏర్పరచలేదు. న్యాయస్థానం 2016 సెప్టెంబరులో ఆ పార్కు యాజమాన్య సంస్థ మెర్లిన్‌కు యాభై లక్షల పౌండ్ల జరిమానా విధించింది. వాస్తవాన్ని నిర్ధారించుకోకుండా అడుగు వేయవద్దని దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది వార్తల విషయంలోనే. అయితే యంత్రం ఇచ్చే సంకేతం కూడా ఒక వార్తే కదా!

డ్రీమ్‌వరల్డ్ యాజమాన్య సంస్థ ఆర్డెంట్ లీజర్ నేరం అంగీకరించింది. 2020 సెప్టెంబరులో దానికి ముప్పై ఆరు లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. అంతకుముందే, 2017లో, నిర్లక్ష్యంతో మరణాలకు కారణమయ్యే యజమానులను నేరస్థులుగా పరిగణించే చట్టాన్ని క్వీన్స్‌లాండ్ చేసుకుంది. ఇక్కడ మన షరీయతు దృష్టికీ ఆ జరిమానాకూ ఉన్న ఒక భేదం చెప్పుకోవాలి. జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపరిహారం కోసం బాధితులు వేరే దారి పట్టాలి. దియత్ మాత్రం నేరుగా మృతుని వారసులకు చేరుతుంది. దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా సూరాలో పొరపాటున జరిగిన హత్యకు దియత్‌తో పాటు కఫ్ఫారాను కూడా విధించింది. బానిసను విముక్తి చేయాలి, ఆ అవకాశం లేకపోతే రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలుండాలి. ఉద్దేశం లేకపోయినా ఒక ప్రాణం పోయినందుకు హృదయం అల్లాహ్ ముందు నిలబడి కడుక్కోవలసింది ఒకటి ఉంది. సంస్థ ఉపవాసం ఉండదు. దాని వెనుక సంతకాలు పెట్టిన మనుషులు ఉండగలరు. కారణమైనవానిపై కఫ్ఫారా లేదని మన హనఫీ ఇమాములంటే, ఉందని ఇమామ్ షాఫయీ (రహ్మలై) అన్నారు. భయభక్తులు కలవారికి ఈ భేదాభిప్రాయంలో ఏ వైపు ఉండాలో నేను చెప్పనక్కరలేదు.

ఇదంతా పార్కుల యజమానుల గొడవ, మనకేమిటి అనుకోకండి. ఉర్సుల్లో, జాతరల్లో, ఎగ్జిబిషన్లలో రంగులరాట్నం ఎక్కే పిల్లలు మన పిల్లలే. దాన్ని నడిపే కుర్రాళ్ళలో మన కుర్రాళ్ళూ ఉన్నారు. ఇంకా దగ్గరికి వస్తే, పదిహేనేళ్ళ కొడుకుకు బండి తాళాలిచ్చి పాల ప్యాకెట్ తెమ్మని పంపే తండ్రులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే సంరక్షకునికి లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా ఉన్నాయి. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తాను తగినంత ప్రయత్నించాననో ఆ పెద్దవాడే నిరూపించుకోవాలి. పసివాడి చేతికి కత్తి ఇచ్చినవాని గురించి మన గ్రంథాల్లో శతాబ్దాల క్రితం రాసిపెట్టినదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. తాళాలు ఇచ్చేటప్పుడు ‘ఫీ అమానిల్లాహ్’ అంటాం. అలా అనేటప్పుడు ఆ తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా చూసుకోవాలి.