యుద్ధమప్పుడు పార్టీలో ఉండటం

యుద్ధం మొదలైతే పార్టీలోని మితవాదిని ముందు నోరు మూసుకోమంటారు. 2003 మార్చి 17న బ్రిటన్‌లో రాబిన్ కుక్ ఇరాక్ యుద్ధాన్ని ఒప్పుకోలేక మంత్రిపదవి వదిలేశాడు. లేబర్ పార్టీని మాత్రం వదల్లేదు. ఆయన మాటలకు సభలో కొందరు లేచి చప్పట్లు కొట్టారు. మర్నాడు ఆ పార్టీ సభ్యులే 139 మంది ప్రభుత్వానికి ఎదురు ఓటేశారు. టోరీల మద్దతుతో యుద్ధ తీర్మానం గెలిచింది, అది వేరే సంగతి. క్లేర్ షార్ట్ ఆగిపోయింది, ఇరాక్ పునర్నిర్మాణంలో పనికొస్తానని. మే 12న ఆమే రాజీనామా చేసింది. లోపలుండి మార్చుదామంటే బాంబులు ఆగుతాయా?

నా మట్టుకు కుక్ దారే సబబు. పార్టీలో ఉండొచ్చు, యుద్ధానికి చెయ్యెత్తకూడదు. కానీ అదే పని ఇక్కడ ఒక ముస్లిం సభ్యుడు చేస్తే? చప్పట్లు దేవుడెరుగు, వాడి వాదన వినకముందే దేశభక్తిని తూకం వేస్తారు. అందుకే మనవాళ్లు పార్టీ కొంగు పట్టుకుంటారు. దాన్ని విధేయత అంటున్నారు పార్టీవాళ్లు. నేను భయం అంటాను.