మిషన్ పాడవుతుందని

పోయిన ఏడాది శ్రావణంలో మా వాషింగ్ మిషన్ ఆగిపోయింది. డ్రమ్ము నిండా సబ్బునీళ్ళు, గాజు తలుపు వెనక మా నలుగురి బట్టలు, ఎంత లాగినా తెరుచుకోని తాళం. ఆరేళ్ళుగా నోరెత్తకుండా తిరిగిన మిషన్ అది.

మా ఇంట్లో బట్టలుతికే పని నా సహచరుడిది. పెళ్ళయిన కొత్తలో చేసుకున్న ఒప్పందం. వంట నాది, బట్టలు అతనివి. ఈ సంగతి స్నేహితుల దగ్గర కాస్త గర్వంగానే చెప్పుకునేదాన్ని. మెకానిక్ వచ్చి, మిషన్ కింద మూలగా ఉన్న చిన్న మూత తీసి, దాని వెనకున్న బిరడాలాంటిదాన్ని తిప్పాడు. నల్లటి నీళ్ళు పళ్ళెంలోకి కారాయి. వాసన. తర్వాత జిగురు పట్టిన దారప్పోగులు, రెండు తలపిన్నులు, ఒక రూపాయి బిళ్ళ, మా పాప గౌను గుండీ. "నెలకోసారన్న తీసి కడగాలె మేడమ్. ఎన్నడన్న కడిగిన్రా?" అన్నాడు. మిషన్ పక్కనే నిలబడ్డ మనిషిని వదిలేసి, వంటింటి గుమ్మంలో ఉన్న నన్ను అడిగాడు. నా సహచరుడు "దీనికి ఫిల్టరు కూడా ఉంటుందా?" అన్నాడు. నాకూ తెలీదు. అయినా సిగ్గుపడింది మాత్రం నేనే.

ఆ రోజు మెకానిక్ చాలా చెప్పాడు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో నీళ్ళు నిలుస్తాయి, ప్రతిసారీ గుడ్డతో తుడిచి తలుపు ఓరగా తెరిచి ఉంచకపోతే బూజు పడుతుంది. నీళ్ళొచ్చే పైపు మూతి దగ్గర సన్నని జాలీ ఉంటుంది, బోరునీళ్ళ ఇసుక అందులో ఇరుక్కుంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఉప్పునీళ్ళు కాబట్టి లోపలి హీటరు మీద సున్నం పొర కడుతుంది, మధ్య మధ్య పౌడరు వేసి ఖాళీ మిషన్‌ని వేడినీళ్ళ మీద తిప్పాలి. సబ్బు ఎక్కువేస్తే తెలుపు రాదు, నురగ వస్తుంది. మేం అన్నీ తప్పే చేశాం.

అప్పుడు లెక్కేసుకున్నాను, అసలు మా ఇంట్లో ఎవరేం చేస్తున్నారని. విడిచిన బట్టలు ఏరడం, రంగుపోయేవి వేరు చేయడం, జేబులు తడమడం (ఆ రూపాయి నా కన్నుగప్పిందే), కాలర్లకి సబ్బు రాయడం, పౌడరు అయిపోతోందని గుర్తు పెట్టుకోవడం, ఆరిన తర్వాత ఎవరివి వాళ్ళ అరలో సర్దడం నేను. మీట నొక్కి, గంట తర్వాత తీసి తీగ మీద వేయడం అతను. 'బట్టలుతకడం' అన్న క్రియని మేం ఆ మీట దగ్గరికి కుదించి, ఆ మీటని అతనికిచ్చి, సమానత్వం అని పేరు పెట్టుకున్నాం.

ఇంతవరకూ మనకి కొత్త కాదు. ఈ పేజీల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నదే. 2009లో మహిళా దినోత్సవం సందర్భంగా వాటికన్ పత్రిక, స్త్రీల విముక్తికి గర్భనిరోధక మాత్ర కన్నా వాషింగ్ మిషనే ఎక్కువ మేలు చేసిందన్నట్టు ఒక వ్యాసం వేస్తే ప్రపంచమంతా గోల చేసింది. మరుసటి ఏడాది స్వీడన్ గణాంకవేత్త హాన్స్ రోస్లింగ్, తన నాలుగేళ్ళ వయసులో వాళ్ళమ్మ మొదటిసారి మిషన్‌లో బట్టలు వేసిన రోజుని, దానివల్ల మిగిలిన సమయంలో ఆమె తనని లైబ్రరీకి తీసుకెళ్ళడాన్ని ఒక ప్రసంగంలో చెప్పాడు. నాకది ఇష్టమైన ప్రసంగం. కానీ దానికి చాలా ముందే, 1983లో, రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి ఈ కథకి రెండో వైపు చూపించింది. యంత్రాలు రాకముందు అక్కడ మధ్యతరగతి ఇల్లాలు చాకిరేవు పనిని డబ్బిచ్చి ఇంకొకరితో చేయించుకునేది. మిషన్ వచ్చాక ఆ పనిమనిషి, ఆ లాండ్రీ తప్పుకుని పని మళ్ళీ ఇల్లాలి మీదే పడింది. పైగా రోజుకో జత మార్చుకోవడం అలవాటై ఉతకాల్సిన బట్టలు పెరిగాయి. మన దేశంలో 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్ళు 88. 2019లో ఆడవాళ్ళవి 299, మగవాళ్ళవి 97. మన పది నిమిషాలు తగ్గాయని సంతోషించబోతే వాళ్ళవీ తొమ్మిది తగ్గాయి!

అయితే నన్ను నిద్రపోనివ్వనిది ఈ లెక్క కాదు. కోవన్ చెప్పిన ఇంట్లో మిషన్ వచ్చాక పనిమనిషి వెళ్ళిపోయింది. మా ఇంట్లో వెళ్ళలేదు. మా బాత్రూం మూలలో ఒక ఎర్ర బకెట్ ఉంది.

ఆ బకెట్‌లోకి ఏవి వెళ్తాయో ఎవరూ రాసి పెట్టలేదు, అందరికీ తెలుసు. కాళ్ళు తుడుచుకునే పట్టాలు, మసిగుడ్డలు, పాప చిన్నప్పటి దొడ్డిగుడ్డలు, నెలసరి మరకలున్న నా లంగాలు. మా అత్తగారు తుంటి విరిగి ఏడు నెలలు మంచాన ఉన్నప్పుడు ఆవిడ దుప్పట్లు. పొద్దున్నే మా ఇంటికి పనికొచ్చే అక్క వాటిని బండ మీద బ్రష్షుతో రుద్ది ఉతికేది. నేనామెని అక్కా అంటాను, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఆమె నన్ను అమ్మా అంటుంది. మొదటి రోజుల్లో ఆమె ఒకసారి అత్తగారి దుప్పటి తీసుకుని "దీన్ల ఎయ్యనా అమ్మా?" అని మిషన్ వైపు చూసింది. "వద్దక్కా, మిషన్ పాడవుతుంది" అన్నాను.

ఆ వాక్యాన్ని మెకానిక్ వచ్చిన రాత్రి నాకు నేనే మళ్ళీ చెప్పుకుని చూశాను. మురికి కోసం కొన్న వస్తువుని మురికి నుంచి కాపాడుతున్నాను. దాన్ని కాపాడటానికి ఒక మనిషి చేతులు పెడుతున్నాను. నిజమే, మలం ముందు కడిగేయకుండా మిషన్‌లో వేయకూడదు. కానీ ఒక మగ్గు నీళ్ళు పోసి వదిలించాక మిగిలినదాన్ని వేడినీళ్ళ సైకిల్ మనిషి చేతికన్నా బాగా ఉతుకుతుంది. పాడవడం అన్నది సాంకేతిక కారణం కాదు. మా తువ్వాళ్ళు తిరిగే డ్రమ్ములో అవి తిరగడం నాకు అసహ్యం.

ఆ అసహ్యానికి మన భాషలో పేరుంది, మైల. ఒంటి మురికీ అదే, పురుడూ చావూ ముట్టూ తెచ్చే అంటూ అదే. రెండిటినీ వేరుచేసే మాట అక్కర్లేకపోయింది మనకి, ఎందుకంటే రెండూ ఒకే ఇంటికి మూటగా వెళ్ళేవి. జనగామ వైపు మా అమ్మమ్మ వాళ్ళూరు. సెలవులకి వెళ్ళినప్పుడు చాకలి ఇంటామె పెరటివైపు నుంచి వచ్చి మాసిన బట్టల మూట కట్టుకెళ్ళడం చూశాను. ముట్టుబట్టలు విడిగా గోడ పక్కన ఉండేవి. అమ్మమ్మ కూడా ముట్టుకోనివి. మూడో రోజుకి అవే బట్టలు గంజిపెట్టి, మడతలతో, ఆమె చేతుల మీదే తిరిగొచ్చేవి. అప్పుడవి మైల కాదు, కానీ తెచ్చిన చేతులు మాత్రం పెరడు దాటి లోపలికి రాకూడదు. పంటకి గింజలిచ్చేవారు, మేర అనేవారు. (చాకలి, చాకిరి అన్న మాటలు చెవికి అక్కాచెల్లెళ్ళలా వినిపిస్తాయి గానీ కావు. చాకిరి పారశీకం నుంచి వచ్చింది. చెవి చేసే పొరపాటుని ఊరు నిజం చేసింది.)

ఆ ఊరికి పాలకుర్తి ఎంతో దూరం కాదు. చిట్యాల ఐలమ్మ పొలం కౌలుకి చేసి, విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికొస్తే సంఘం అండతో నిలబడి ఎదిరించిన ఊరు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నా పీహెచ్‌డీకి ఆధార గ్రంథాల్లో ఒకటి. అందులో ఐలమ్మ మీద ఉన్న భాగం గురించి నేను పన్నెండు పేజీలు రాశాను. వెట్టి, శ్రమ, గొంతు, అన్నీ రాశాను. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టినప్పుడు అందరితో పాటు ఫోటో దిగి పంచుకున్నాను. ఆ పన్నెండు పేజీలు టైపు చేస్తున్న పొద్దుటిపూటల్లో బాత్రూంలోంచి బ్రష్షు చప్పుడు వినిపిస్తూనే ఉండేది. అది నాకు అప్పుడు చప్పుడే.

కంచ ఐలయ్య 2009 నాటి 'పోస్ట్ హిందూ ఇండియా'లో ఈ కులం వాళ్ళని సబాల్టర్న్ ఫెమినిస్టులు అన్నారు. ఆడవాళ్ళ బట్టలు మగవాళ్ళు కూడా ఉతికిన సమాజం అది ఒక్కటే కదా. చదువుకున్న నా సహచరుడు ఆరేళ్ళలో ఆ ఎర్ర బకెట్‌లో చెయ్యి పెట్టలేదు. నేనూ పెట్టమనలేదు. పెట్టమనడానికి నాకే సిగ్గు. నా మరక అతను చూడకూడదు, అక్క చూడొచ్చు. అక్క చూపు నాకు చూపుగా తోచలేదు. దీన్ని కులం అనాలో, పితృస్వామ్యం అనాలో, మర్యాద అనాలో! సెమినార్‌లో అయితే మూడూ పెనవేసుకున్నాయని చెప్పి కూర్చుంటాను.

బకెట్ తీసేయాలనుకున్నాను. ఒక ఆదివారం అక్కకి చెప్పాను, ఇకనుంచి ఆ బట్టలు మేమే కడిగి మిషన్‌లో వేసుకుంటాం అని. ఏదో గొప్ప విషయం చెబుతున్నట్టే చెప్పి ఉంటాను. ఆమె చీపురు పక్కన పెట్టి, "అయితే బట్టల పైసలు కోస్తవా అమ్మా?" అంది.

బట్టలకి విడిగా నెలకి 500 ఇస్తాను. అది ఆమె చిట్టీ డబ్బు. నా మనస్సాక్షి ఖర్చు ఆమె చిట్టీ మీద పడబోయిందన్నమాట. కోయను, అదే ఇస్తానన్నాను. "ఉత్తగ ఎట్ల తీసుకుంటా?" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఉత్తగా కాదు, ఇన్నాళ్ళ బాకీ అనబోయి ఆగాను, బాకీ 500 రూపాయలకి తీరేది కానప్పుడు ఆ మాట ఎలా అనడం? చివరికి బట్టలు మడతపెట్టే పని ఇచ్చాను. అదీ ఒక తప్పించుకోవడమే అని నాకు తెలుసు. కానీ ఆమె ఒప్పుకుంది, డబ్బు తగ్గలేదు. ఫిల్టరు నెలనెలా నా సహచరుడు తీస్తున్నాడు. మొదటిసారి ముక్కు మూసుకున్నాడు. నా లంగాలు నేను నానబెట్టి, కడిగి వేస్తున్నాను. అతను తీసి ఆరేస్తాడు. మరక పూర్తిగా పోనివి కూడా.

ఇదంతా అయి నేను కొంచెం తేలికపడ్డ రోజుల్లోనే, అక్టోబరు వానల్లో, అక్క వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "అమ్మా, మా దుప్పట్లు రెండు ఏసుకోనా మీ మిషన్‌ల? నాలుగొద్దులాయె, ఎండలేదు" అంది.

వెంటనే తెమ్మన్నాను. వెంటనే అని రాస్తున్నాను గానీ, మధ్యలో ఒక క్షణం ఉంది. ఆ క్షణంలో నాకు మా పాప తువ్వాలు గుర్తొచ్చింది, తర్వాత తలుపు రబ్బరు గుర్తొచ్చింది, తర్వాత 'తీసుకురా అక్కా' అన్న మాట బయటికొచ్చింది. ఆమె నా ముఖం చూస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళల్లో పనిచేస్తున్న మనిషి, అలాంటి క్షణాలు ఆమెకి కొత్తవి కావు.

మర్నాడు ప్లాస్టిక్ సంచిలో తెచ్చింది. నేను మూత తీసి పౌడరు డబ్బా అందుకుంటుంటే వద్దంది. సంచి బరువుగా, తడిగా ఉంది. రెండు దుప్పట్లూ రాత్రే చేత్తో ఉతికి, జాడించి, పిండి తెచ్చింది. సబ్బు వాసన ఇంకా వస్తోంది.

"నీళ్ళు పిండుకుంటే సాలమ్మా" అంది. స్పిన్ ఒక్కటే పెట్టాను.