క్షయమునకు చోటు

పుట్టుట, ఉండుట, మారుట, పెరుగుట, క్షీణించుట, నశించుట అను ఆరు వికారములు ఉనికిగల పదార్థములన్నిటికిని కలవని వార్ష్యాయణి మతముగా యాస్కుడు తన వైదికపద నిర్వచనగ్రంథమగు నిరుక్తమునందు పేర్కొనియున్నాడు. క్షయము వస్తుస్వభావమే యైనచో దానిని వారింపబూనుట ధర్మమా, వ్యర్థప్రయాసమా? ఈ ప్రశ్నకు వ్యాఖ్యానములలో కంటె, ఉప్పునీట తిరుగు ఫైబరు పడవల వెనుక తగిలించు మోటారునందే నాకు స్పష్టతరమైన సమాధానము కనబడుచున్నది.

ఆ మోటారు కాలు, అనగా నీట మునుగు క్రిందిభాగము, అల్యూమినియము. దానిలో బిగించిన బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. కిలో నీటికి ఇంచుమించు 35 గ్రాముల లవణముగల సముద్రజలము ఆ రెంటిని కలిపి తడిపినంతనే వాని నడుమ స్వల్పవిద్యుత్ప్రవాహ మేర్పడి, ఉక్కు చెక్కుచెదరకుండగా అల్యూమినియము తినబడుట కారంభించును. తినబడిన లోహము తెల్లని పొడియై, పూర్వము తానున్న చోటుకంటె నెక్కువ చోటు నాక్రమించుచు, మరల సందులలో క్రిక్కిఱిసి బోల్టును కదలనీయక పట్టివేయును. అప్పుడు మెకానికు స్పానరు వేసి బలముకొలది త్రిప్పినను తల తెగి చేతికి వచ్చునేగాని బోల్టు రాదు. కలిపియుంచుటయెట్లో, కావలసినపుడు విడివడుటయు అట్లే బోల్టు ధర్మము. విడివడజాలని బంధమును దృఢబంధమని మెచ్చుకొనువారు మరమ్మతునాడు దాని వెల నెఱుగుదురు. కావుననే తెలిసినవాడు బోల్టు క్రొత్తదిగా నుండగనే విప్పి, మరలకు గ్రీజు పట్టించి తిరిగి బిగించును. అవసరము లేకున్నను అప్పుడప్పుడు విప్పి చూచును. చేపలవేటనుండి వచ్చినంతనే మంచినీటితో మోటారును కడుగుటయు విధియే. చల్లని ఇంజనులో నీటిదారిని అదుపుచేయు థర్మోస్టాటు మూసికొనియుండును గనుక, వేడెక్కువఱకు నడపినగాని ఆ నీరు లోపలి దారులన్నిటికిని అందదు.

అయినను, క్షయమును బొత్తిగా మాన్పుట మేలేనా? 1824లో రసాయనశాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ బ్రిటిషు నౌకాదళపు ఓడల అడుగున తాపిన రాగిరేకులకు ఇనుము, తుత్తునాగము (జింకు) వంటి లోహములను తాకించి రాగి కరగకుండ చేయ యత్నించెను. రసాయనశాస్త్రదృష్టిచే అది విజయమే. కాని అంతవఱకు నాచును, గుల్లలను ఓడకు పట్టకుండ తొలగించుచుండినది కరగుచున్న రాగి విషమేయని పిమ్మట తేలినది. కరగుట మానిన రాగిపై అవి దట్టముగా పెరిగి ఓడల వేగమును హరింపగా, ఆ రక్షణమును విడిచిపెట్టవలసివచ్చెను. నశించుటయే ఆ రాగి చేయుచుండిన సేవ! వేదాంతులకు ప్రియమైన ఉపమానములు పెక్కు గలవుగాని, ఇంతటి నిష్ఠురమైనది వానిలో అరుదు.

మనుష్యునికి మిగిలిన స్వాతంత్ర్యము, నా తలంపున, క్షయమునకు చోటు నిర్ణయించుటయందే కలదు. మోటారు కాలికి తగిలించు జింకు దిమ్మె అందులకే: అది అల్యూమినియముకంటె ముందు కరగి దానిని కాపాడును. దానికి త్యాగబుద్ధి నారోపించుట కవులకు సుకరము, నాకు రుచింపదు. ఎఱుకలేని దిమ్మెకు త్యాగమెక్కడిది? ఎఱుక, బాధ్యత దానిని తగిలించినవానివి. సగము తినబడినంతనే మార్చుట వాని పని. అందముకొఱకు దానిపై రంగు పూయుట మహాపరాధము. సముద్రములో ఏడాది తిరిగిన మోటారుపై దిమ్మె ఇంకను క్రొత్తదివలె నున్నచో సంతోషింపరాదు; రంగు కప్పినదో, కాలితో దాని లోహస్పర్శ తెగినదో వెదకవలెను, ఏలయనగా దిమ్మెకు రావలసిన క్షయము అప్పటికే కాలిలో ప్రవేశించియుండును.